రెప్ప వేస్తే చాలట

మంగళవారం, రాత్రి

పింఛను ఇవ్వడానికి వెళ్తే, చేపలమ్మే మంగమ్మ పిన్ని వేలిముద్ర ఈసారీ పడలేదు. పొలుసు తీసీ తీసీ వేళ్ల మీద గీతలు అరిగిపోయాయి. కొత్త యాప్‌లో ముఖం చూపిస్తే చాలన్నాను. ఆవిడ బొట్టు సరిచేసుకుని, స్టూడియోలో ఫోటోకి కూర్చున్నట్టు రెప్ప వాల్చకుండా బిగుసుకుపోయింది. యాప్ ఒప్పుకోలేదు.

"రెప్ప వెయ్యండి పిన్నీ! మీరు బతికున్నారని దానికి తెలియాలిగా."

"ఓసోస్, ఇంతేనా? ఇన్నాళ్లూ వేళ్లడిగి చంపుకుతిన్నారు కదమ్మా!" అని పగలబడి నవ్వింది. ఆ నవ్వులో రెప్ప పడింది. ఫోన్‌లో పచ్చగుర్తు వెలిగింది.

ఇది కనిపెట్టినవాళ్లకి దణ్ణం పెట్టాలనిపించింది. కానీ రోజూ గంప నెత్తిన పెట్టుకుని బందరు ఎండంతా మోసే ముఖం అది. అదైనా అరగకుండా ఉంటే బాగుండును...