వలల పాకలో మధ్యాహ్నం

ఉప్పాడ,
1894 మార్చి

రాజమహేంద్రవరంలో ఉన్న మా అమ్మ మాణిక్యాంబగారికి కూతురు దేవకుమారి నమస్కరించి వ్రాసేది. దేవుని దయవల్ల మేమిద్దరం ప్రాణాలతో, తిరిగే ఓపికతో ఉన్నాం. నీ దగ్గు నెమ్మదించిందని, మిషన్ బడిలో పిల్లలు నీ మాట వింటున్నారని తలుస్తాను.

నా జ్వరం తగ్గిందా అని అడిగావు. తగ్గింది. ఆదివారం ప్రార్థనకు ఎవరైనా వస్తున్నారా అని అడిగావు. ఎవరూ రావడం లేదు. నేను చదువుతాను, మీ అల్లుడుగారు వింటారు. బావగారి మనసు మెత్తబడిందా అని కూడా అడిగావు. ఆ సంగతి వ్రాయాలనే ఈ కాగితం తీశాను.

బుల్లియ్య బావగారు మీ అల్లుడుగారికి తోడబుట్టిన అన్న. తమ్ముడు బాప్తిస్మం తీసుకుని, ఈ ఏడు అమ్మవారి జాతరకు కోడిని కొయ్యనని చెప్పినప్పటి నుంచి మా పగవాళ్లందరికీ ఆయనే పెద్ద. తమ్ముడి తెప్ప ఎవరూ ఎక్కకూడదని కట్టుబాటు చేయించారు. మా తెప్ప ఒక్క మనిషితో నడవదు. అందుకని నేనే ఎక్కుతున్నాను. ఇది చదివి హడలిపోకు, తెడ్డు వెయ్యడం వచ్చేసింది. ఒడ్డున ఆడవాళ్లు నన్ను చూసి ఉమ్మేస్తారు. వాళ్ల వలలు ఖాళీగా వస్తే, "ఆడది సముద్రమెక్కితే చేపలుంటాయేంటి?" అంటారు.

కిందటి వారం తెల్లవారి వెళ్లేసరికి తెప్ప తాళ్లు కోసేసి ఉన్నాయి. దుంగలు అలల్లో తలో దిక్కుకూ పోతున్నాయి. బావగారు ఒడ్డునే నిలబడి, "కోసింది నేనేరా ముసలయ్యా. నీ దేవుణ్ణొచ్చి కట్టమను" అన్నారు. మీ అల్లుడుగారు మెడలోతు నీళ్లలో దిగి దుంగలు లాక్కొచ్చారు. ఒకటి దొరకనే లేదు.

ఆ రోజు నేను బైబిలులో కీర్తనలు చదువుతూ చదువుతూ పుస్తకం మూసేశాను. చెడ్డవాళ్లను చూసి మనసు కష్టపెట్టుకోవద్దని, వాళ్లు గడ్డిలా వాడిపోతారని, దేవుని కోసం కనిపెట్టుకుని ఉండమని అందులో ఉంది. "ఈ గడ్డి వాడేదెప్పుడండీ? రోజురోజుకీ ఏపుగా పెరుగుతోంది" అన్నాను. "కనిపెట్టుకుని ఉందామే" అన్నారు. అమ్మా, బావగారి మీదకన్నా ఈయన ఓర్పు మీదే నాకు ఎక్కువ కోపం వచ్చింది.

ఇక నీకు వ్రాయడానికి సిగ్గుపడుతున్న సంగతి. జాతర నాటి మధ్యాహ్నం ఊరంతా గుడి దగ్గరుంది. కుండపెంకులో నిప్పులు పోసుకుని, పమిట చాటున పట్టుకుని బావగారి వలల పాకకు వెళ్లాను. వలలు కాలిపోతే ఆ ఇంట్లో పొయ్యి రాజదని తెలుసు. తెలిసే వెళ్లాను.

లోపల వలల పక్కన మీ అల్లుడుగారు కూర్చుని ఉన్నారు.

"నేనొస్తానని కాపలా కూర్చున్నారా?" అన్నాను.

"నిన్ను కాదే, నన్ను కాసుకుంటున్నాను" అన్నారు. "తాళ్లు కోసిన రోజు తిన్నగా ఇక్కడికే వచ్చాను. నా చేతిలోనూ నిప్పుంది. ఈ వల అన్నా నేనూ కలిసి అల్లింది, చెయ్యి ఆడలేదు. అలాగని కోపం పోయిందనుకోకు. అది లేచినప్పుడల్లా ఇక్కడికొచ్చి, దేవుడికి చెప్పుకుని, దిగేదాకా కూర్చుంటున్నా. నాకు ఓర్పుందనుకున్నావా?"

పెంకు ఇసకలో పెట్టి ఆయన పక్కన కూర్చున్నాను. నిప్పులు బూడిదయ్యే వేళకు బావగారు రానే వచ్చారు. పెంకు చూశారు.

"ఎందుకొచ్చారు?"

ఏదో ఒకటి చెప్పి తప్పించుకోవచ్చు. మీ అల్లుడుగారు, "కాల్చడానికే వచ్చామన్నా. కాల్చలేకపోయాం" అన్నారు.

బావగారు చాలాసేపు తమ్ముడి మొహంలోకి చూశారు. కరిగారనుకున్నాను. కరగలేదు. వెళ్లి కులపెద్దలతో చెప్పారు. వచ్చే ఆదివారం తీర్పు. మా గుడిసె ఖాళీ చేయిస్తారని ఊళ్లో అనుకుంటున్నారు. పెద్దల ముందూ ఉన్నదున్నట్టే చెబుతానంటున్నారు ఈయన. నేనూ పక్కన నిలబడి, నిప్పు తెచ్చింది నేనని చెబుతాను.

బయలుదేరి వచ్చెయ్యమని వ్రాశావు. రానమ్మా. పోయిన దుంగకు బదులు ఇంకొకటి చూసుకున్నాం, రేపు తెప్ప కడతాం.

ఒక్కటి అడుగుతాను. నువ్వు రోజూ మా కోసం ప్రార్థన చేస్తావు గదా, అందులో బావగారి పేరు కూడా చెప్పు. మీ అల్లుడుగారు చెబుతున్నారు. నేనూ మొదలుపెడతాను గానీ, ఆ పేరు దగ్గరకు వచ్చేసరికి నోరు మూసుకుపోతోంది. నాకు పలకడం వచ్చేదాకా నా బదులు నువ్వు చెప్పు.

ఇట్లు,
నీ ప్రార్థనల మీద బతుకుతున్న కూతురు,
దేవకుమారి