అద్దె ఇళ్లలో కన్నుమూసే వారి కోసం ఒక గది

తాడేపల్లిగూడెం పురపాలక కమిషనరు గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: పట్టణంలో అద్దె ఇళ్లలో నివసించువారు మరణించినచో, భౌతికకాయమును అంత్యక్రియల వరకు ఉంచుకొనుటకు ఒక గది కట్టించవలసినదిగా మనవి.

జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో సోషల్ మాస్టారుగా పనిచేయుచున్న ఆనంద్ పాల్ అను నేను విన్నవించుకొనునది.

1. నాదీ, నా భార్య దేవకుమారిదీ కొల్లేటి లంక గ్రామం. మా అమ్మాయి నిస్సీకి ఇక్కడి యూనివర్సిటీలో సీటు రావడంతో ముగ్గురం ఈ ఊరు వచ్చి, నరసరాజు గారి ఇంట్లో కింది వాటాలో దిగాము. చదువుకునే పిల్లలను గదికి నలుగురు చొప్పున పెట్టుకుంటే అద్దె ఎక్కువ వస్తుంది గనుక, ఈ ఊళ్లో సంసారాలకు ఇల్లు దొరకడం కష్టమైపోయింది. మా మేడ మీద గదుల్లో కూడా విద్యార్థినులే ఉండేవారు. వారిలో ఎవరికి జ్వరం వచ్చినా దేవకుమారి మిరియాల చారు కాచి పైకి పట్టుకెళ్లేది.

2. ఎన్నాళ్లీ అద్దెలని, ఊరి చివర చేపల చెరువు పూడ్చి వేసిన లేఅవుటులో స్థలం కొని ఇల్లు మొదలుపెట్టాము. పునాది దగ్గర దేవకుమారి మేస్త్రీతో పోట్లాటకు దిగింది. "ఇంకా ఎత్తు లేపండి. చిన్నప్పుడు మా లంకలో వరదొస్తే మంచం మీద మంచం వేసుక్కూర్చునేవాళ్లమండీ. నా ఇంట్లోకి మాత్రం నీళ్లు రాకూడదు" అన్నది. గోడలు లేచాయి. వానలు తగ్గాక శ్లాబు వేద్దామని ఆగాము.

3. ఆ వానల్లోనే ఆమెకు గుండెనొప్పి వచ్చింది. ఏలూరు ఆసుపత్రికి తీసుకువెళ్లాము. మర్నాడు పొద్దున్నే పోయింది. ఇంటికి తెస్తున్నామని ఫోను చేస్తే, నరసరాజు గారి భార్య విజయకుమారి గారు ఎత్తారు.

"ఏమనుకోకండి మాస్టారూ. పైన ఆడపిల్లలున్నారు కదండీ, భయపడతారు. ఒక్కళ్లు ఖాళీ చేసినా అందరూ వెళ్లిపోతారండీ. అట్నుంచటే తీసుకెళ్లిపోండి" అన్నారు.

"ఎట్నుంచెటండీ?" అని అడిగాను.

ఆవిడ ఏడుస్తూ ఫోను పెట్టేశారు. ఆవిడ చెడ్డ మనిషి కాదని కూడా తమకు మనవి చేసుకుంటున్నాను.

మా లంకకు వెళ్లే రోడ్డు నీళ్లలో ఉంది. మా ప్రార్థన మందిరం కూడా కిరాణా కొట్టు మీద అద్దెకు తీసుకున్న హాలే. పాస్టరు గారు ఎంత బతిమాలినా కొట్టు యజమాని ఒప్పుకోలేదు. అంబులెన్సు డ్రైవరు "ఎక్కడికి పోనివ్వమంటారండీ?" అని అడిగాడు. మా ఇంటికి అన్నాను.

4. అయ్యా, పైకప్పు లేని ఇంట్లో నా భార్యను పడుకోబెట్టాను. వాన పడుతూనే ఉంది. టార్పాలిన్ కట్టాము గానీ గాలికి ఒక పక్క లేచిపోతోంది. నిస్సీ తన చున్నీ తీసి తల్లి ముఖానికి అడ్డం పట్టుకుని, "నాన్నా, అమ్మ తడిసిపోతోంది నాన్నా" అంటూ నా వైపు చూసింది. వీధిలో మోకాలి లోతు నీళ్లున్నా, గుమ్మం దాటి చుక్క లోపలికి రాలేదు. పైనుంచి వచ్చాయి.

మధ్యాహ్నానికి మా మేడ మీద అమ్మాయిలంతా గొడుగులు వేసుకుని ఆ నీళ్లలో నడిచి వచ్చారు. వారిలో కామవరపుకోట నుంచి వచ్చి చదువుకుంటున్న అలేఖ్య అనే అమ్మాయి, దేవకుమారి కాళ్ల దగ్గర కూర్చుని భోరుమంది.

"ఇంటికెందుకు తీసుకురాలేదండీ?"

"మీరు భయపడతారన్నారమ్మా."

"ఆంటీని చూసి మేం భయపడతామా అంకుల్? మమ్మల్ని ఎవరూ అడగలేదండీ" అంది.

సమాధుల దొడ్డికి బయలుదేరేదాకా ఆ పిల్లలు దించకుండా గొడుగులు పట్టుకున్నారు. అడిగి ఉంటే బాగుండేది. ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు. నాకు ఆ ఆలోచనే రాలేదు.

5. తరువాత నరసరాజు గారి ఇంట్లో ఉండలేక వేరే అద్దె ఇల్లు వెతుక్కున్నాము. వెళ్లిన ప్రతిచోటా ఇంటివారు "మీ ఇంట్లో పెద్దవాళ్లు, జబ్బు మనుషులు ఎవరూ లేరు కదండీ?" అని అడిగేవారు. నిస్సీ పక్కన నిలబడి ఉండగా, లేరండీ అని చెప్పేవాడిని.

కావున, ఈ పట్టణంలో సొంత ఇల్లు లేని వారికి, ఏ మతము వారైనను, తమవారిని ఒక్క పూట పడుకోబెట్టుకుని ఏడ్చుకొనుటకు, పైకప్పు గల ఒక గది మంజూరు చేయించవలెనని ప్రార్థన. అందుకు స్థలము లేదని తమ క్రింది ఉద్యోగులు వ్రాసినచో, నన్ను ఒకసారి పిలిపించి నా మనవి చిత్తగించవలెను.

తమ విధేయుడు,
ఆనంద్ పాల్

తా.క.: అయ్యా, మా ఇంటికి శ్లాబు పడింది. తలుపులు బిగించారు. తమరు గది కట్టించేలోగా ఎవరికి అవసరం వచ్చినా మా ముందు గది వాడుకోవచ్చు, నాకు ఫోను చేయించండి. ఆ ఇల్లు ఖాళీగానే ఉందండి. గృహప్రతిష్ఠ ప్రార్థన ఎప్పుడు పెట్టుకుందామని పాస్టరు గారు అడిగినప్పుడల్లా, నేనూ నిస్సీ ఒకరి ముఖం ఒకరు చూసుకుని, వచ్చే నెల అంటున్నాము.