చెంప మీద కన్నున్న సేనాపతి

నాన్నా, నేను కులాసా, బెంగ పెట్టుకోకు. మా దుకాణంలో ఎవరి బొమ్మ సైనికులకు వాళ్ళచేతే రంగులు వేయించి, బల్ల మీద యుద్ధాలు ఆడిస్తాం కదా, కొత్తగా వచ్చినవాళ్ళు నేను నున్నగా వేసిన రంగులు చూసి, "ఇది మనవల్ల కాదులే" అని గుమ్మంలోంచే తిరిగిపోతున్నారు. నువ్వు రంగులేసి పంపిన సైనికుణ్ణి నిన్న ముందు వరసలో నిలబెట్టాను. బస్సు నడిపే ఒకావిడ, చెంప మీదికి జారిన వాడి కన్ను చూసి నవ్వి, "ఈమాత్రం నేనూ వేస్తానమ్మా, కుంచె ఇలా ఇవ్వు" అని కూర్చుంది. ఆట కూడా నేర్చుకుని, వాణ్ణే తన సేనాపతిని చేసుకుంది.

అమ్మ మోకాలు ఎలా ఉంది? కుళాయి బాగుచేయించారా? చెయ్యి వణుకుతోందని రంగుడబ్బాలు అటకెక్కించావట, అమ్మ చెప్పింది. దింపు. సేనాపతికి సైన్యం కావాలి, ఆ వణికే చేత్తోనే వేసి పంపు.

మీ ఇద్దరికీ దణ్ణాలతో,
నీ చిన్నది