పుట్టి ఎక్కిన ఆదివారం

హైదరాబాదు, నాంపల్లి,
సోమవారం మధ్యాహ్నం

అన్నయ్యకి,

నీ తమ్ముడు సత్యం చేతులు జోడించి, ఇంట్లో అందరి క్షేమమూ కోరుతూ రాస్తున్నాడు. నేనిక్కడ బాగానే ఉన్నాను. వదిన మోకాలి నొప్పి ఎలా ఉంది? చంటిదానికి జ్వరం తగ్గిందా, మళ్ళీ రాలేదు కదా? మేనత్తకి కళ్ళద్దాలు సరిపోయాయా? అన్నిటికీ విడివిడిగా జవాబు రాయి. ఎప్పటిలా "అందరం కులాసా" అని ఒక్క ముక్కతో తేల్చెయ్యకు.

నీ కార్డు గురువారం అందింది. "నీకెలా తోస్తే అలాగే కానీ. పౌర్ణమి వెళ్ళాక పడవ చూసుకోడానికి మనిషి వస్తానన్నాడు" అని రెండే రెండు మాటలు రాశావు. వంతెన మీద బస్సులు తిరుగుతుంటే ఇంకా రేవు పట్టుకుని కూర్చోవడమేమిటని, పడవ అమ్మేసి వచ్చెయ్యమని, మా ఆఫీసులో అటెండరు పనికి సూపరింటెండెంటుగారితో మాట్లాడి ఉంచానని మూడు ఉత్తరాలు రాసి నీ ప్రాణం తీశాను. చివరికి నువ్వు ఒప్పుకున్నావు. నేను ఎగిరి గంతెయ్యాలి. ఆ కార్డు చొక్కా జేబులో పెట్టుకుని రెండు రోజులు ఎవరికీ చెప్పకుండా తిరిగాను. ఎందుకో నాకే తెలియలేదు.

ఈలోగా నర్సింగరావు పిలిచాడు. ఆఫీసులో నా పక్క కుర్చీ అతనిదే. బేగంబజారు మనిషి, వాళ్ళింట్లో తాతల నాటి నుంచీ పసుపు, మిరపకాయల వ్యాపారం. ఇతనొక్కడే గుమాస్తా పనిలోకి వచ్చాడు. అతని మేనమామ ఊరు కర్నూలు వెళ్ళే దారిలో కృష్ణ ఒడ్డున ఉంది. శనివారం కూడా సెలవు కలిసి వచ్చిందని నన్నూ, నా గదిలో ఉండే ఆనందాన్నీ రమ్మన్నాడు. ఆనందం ఇక్కడ బడిలో లెక్కల మాస్టారు. బకెట్లో నీళ్ళు చూసినా భయపడే రకం.

ఆఫీసులో నేను ఏడేళ్ళుగా గోదావరి గొప్పలు కోస్తున్నాను. నాన్న వరదలో పడవ నడిపిన సంగతి, నేను పదేళ్ళకే గడ పట్టిన సంగతి చెప్పి చెప్పి వాళ్ళ చెవులకు చిల్లులు పొడిచాను. అందుకే నర్సింగరావు, "నీ గోదారి ముచ్చట్లు మస్తు విన్నం సత్తెం. జర మా కృష్ణమ్మ మీద చూపియ్యి" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు గానీ నాకు రోషం వచ్చింది.

మొజంజాహీ మార్కెట్లో సీతాఫలాలు కొనుక్కుని, శనివారం పొద్దున గౌలిగూడలో బస్సెక్కాం. ఆ మేనమామగారు, వాళ్ళావిడ మమ్మల్ని సొంత పిల్లల్లా చూసుకున్నారు. జొన్నరొట్టెలు వేడివేడిగా వేస్తూనే ఉన్నారు, నేను నాలుగు తిన్నాను. ఇక్కడ నేను సరిగ్గా తినడంలేదని వదిన బెంగపెట్టుకోనక్కర్లేదు. సాయంత్రమంతా ఒడ్డున రాళ్ళ మీద కూర్చుని నీళ్ళలో కాళ్ళు ఆడించాం. వానలు వెనకపట్టాయి కదా, నది నిండుగా, నెమ్మదిగా పోతోంది. చాలా రోజులకు ఏ పనీ లేకుండా కూర్చున్నాను.

ఆదివారం పొద్దున పుట్టి ఎక్కాం. నువ్వు చూసి ఉండవు. వెదురుతో గుండ్రంగా పెద్ద గంపలా అల్లి, అడుగున తోలు కప్పుతారు. ముందూ ఉండదు, వెనకా ఉండదు. నడిపేది బాలయ్య అని ముసలాయన. నేను మన అలవాటు ప్రకారం నీళ్ళు ముట్టుకుని కళ్ళకద్దుకుని కుడికాలు పెట్టాను. అది చూసి బాలయ్య ముచ్చటపడి, "పడవోల్లా?" అని అడిగాడు. ఔనన్నాను. అక్కడితో ఊరుకుంటే పరువు దక్కేది. నది మధ్యకి వచ్చాక నేను నడుపుతానని తెడ్డు అడిగి పుచ్చుకుని, మన పడవలో నిలబడ్డట్టే అంచు దగ్గరికి పోయి లేచి నిలబడ్డాను. పుట్టి ఒక పక్కకి ఒరిగి నీళ్ళు లోపలికి వచ్చాయి. ఆనందం నా పంచె పట్టుకుని దేవుళ్ళందరినీ పిలిచాడు. బాలయ్య గసిరితే కూలబడ్డాను. పోనీ కూర్చునైనా నడుపుదామని పక్కన తెడ్డు వేశాను. పుట్టి గానుగలా గిర్రున తిరగడం మొదలుపెట్టింది. ఎంత గట్టిగా వేస్తే అంత జోరుగా తిరుగుతుంది, ఒక్క మూర ముందుకు పోదు. నర్సింగరావు పొట్ట పట్టుకుని నవ్వాడు. నేనూ నవ్వాను గానీ ముఖం మాడిపోయింది.

"గాడ గాదు బిడ్డా, ముంగట ఎయ్యాలె," అన్నాడు బాలయ్య. "నూకొద్దు. నీళ్లను నీ దిక్కు గుంజుకో."

పది నిమిషాల్లో చేతికి వచ్చింది. ముందుకు పోతుంటే నీటి చప్పుడు మన పడవ కింద వినిపించేదే. చెప్పడానికి సిగ్గేమిటి, నా కళ్ళు తడిశాయి.

బాలయ్య కొడుకు కూడా హైదరాబాదులోనే ఉన్నాడట, ఆబిడ్స్‌లో ఏదో బట్టల కొట్టుకు కాపలా. వస్తుంటాడా అని అడిగాను. పండగకు వస్తాడట, ఒడ్డున కూర్చుని చూస్తాడట, పుట్టి మాత్రం ఎక్కనే ఎక్కడట. ఎందుకని అడిగితే ముసలాయన నా చేతిలో తెడ్డు చూస్తూ చెప్పాడు.

"ఎక్కితే మల్ల దిగబుద్ధి గాదంటడు."

అన్నయ్యా, పోయినసారి నేను వచ్చినప్పుడు వంతెన మీదుగా బస్సులో ఊళ్ళో దిగాను. నువ్వేమో అవతలి ఒడ్డున నా కోసం పడవ పెట్టుకుని పొద్దువాలేదాకా కూర్చున్నావట. తర్వాత వదిన చెప్పింది. తొందరలో ఉండి బస్సెక్కానని నీతో అన్నాను. నాకు ఏ తొందరా లేదు. నాకూ ఆ భయమే.

ఇంకో మాట కూడా ఒప్పుకుంటున్నాను. రేవులో జనం తగ్గారన్నది నిజమే, కానీ నేను నీ వెంట పడింది అందుకు కాదు. సాయంత్రం ఆబిడ్స్‌లో జనం భుజాలు రాసుకుంటూ పోతుంటారు, నన్ను "ఒరేయ్ సత్యం" అని పిలిచేవాడు ఒక్కడూ లేడు. నువ్వుంటే పిలుస్తావు. అదీ సంగతి. నా ఒంటరితనానికి నీ చేత పడవ అమ్మించబోయాను. క్షమించు.

అందుకని నీకెలా తోస్తే అలాగే అన్న మాట నీకే తిప్పి పంపుతున్నాను. నాకెలా తోస్తే అలా కాదు. సూపరింటెండెంటుగారు నెలాఖరుదాకా ఆగుతానన్నారు. నీకు నిజంగా రావాలనుంటే సంతోషంగా రా, గదిలో చోటుంది. లేదంటే ఆ మనిషికి పడవ ఇవ్వనని చెప్పు. అలా అయితే నేనే సెలవు పెట్టి వస్తాను, ఈసారి బస్సు అవతలి ఒడ్డునే దిగి నీకు కేక వేస్తాను.

వదిన వీలుంటే కాస్త ఎండురొయ్యల పొడి పంపమను. మూడు కాగితాల్లో చుట్టమను, మా ఇల్లుగలావిడ ముక్కు మా చెడ్డది. మేనత్త కాళ్ళకు నా బదులు నువ్వు మొక్కు. వదిననూ నిన్నూ ఆశీర్వదించమని అడుగుతున్నాను. చంటిదానికి ముద్దులు.

కాగితం, కలం పట్టుకుని రేవుకి పో. జవాబు ఒడ్డున కూర్చుని రాయకు అన్నయ్యా. పడవలో కూర్చుని రాయి.

నీ తమ్ముడు,
సత్యం