పలకరాయితో రుద్దిన తీగలు

మార్కాపురం,
ఆదివారం, 1974.

నన్ను అమ్మలా పెంచిన అన్నమ్మక్కకు,

తమ్ముడు ఇస్సాకు వందనాలు. హాస్టలు పిల్లలందరికీ వండిపెట్టి అలిసిపోయి ఉంటావు, ఈ ఉత్తరం తీరిగ్గా కూర్చుని చదువు. అడ్రసులో గిద్దలూరు, ప్రకాశం జిల్లా అని రాసి పక్కనే పాత కర్నూలు అని కూడా రాశాను. జిల్లా మారింది గానీ పోస్టుమాన్లు మారలేదు గదా.

హెన్రీ దొర నీకు గుర్తుండే ఉంటాడు. గుంతకల్లు రైల్వే ఇన్‌స్టిట్యూటులో నేను బల్లలు తుడిచే రోజుల్లో నాకు గిటారు నేర్పి, పోతూ పోతూ తన పాత గిటారు నా చేతిలో పెట్టిపోయిన గార్డు దొర. ఇప్పుడు బెంగుళూరులో ఒక హోటల్లో బ్యాండు నడుపుతున్నాడు. గిటారు వాయించేవాడు ఆస్ట్రేలియా వెళ్లిపోయాడట. గుంటూరు నుంచి తిరిగి పోతూ వచ్చే శనివారం ఇక్కడ దిగి నా వాయిద్యం వింటానని రాశాడు. నచ్చితే ఉద్యోగం. ఒక మాట మాత్రం కింద గీత గీసి మరీ రాశాడు. జాజ్ సంగీతానికి గట్టి శబ్దం పనికిరాదు, గుండ్రని శబ్దం కావాలి, భోంచేసేవాళ్ల మాటల కింద మెత్తగా పరుచుకోవాలి, చెవిలో గుచ్చుకుంటే హోటలువాళ్లు మర్నాడే పంపించేస్తారు అని.

ఆ గుండ్రని శబ్దమంతా గుంతకల్లులో ఆయన ఆంప్లిఫయరులో ఉండేది. తీగల కింద బిగించిన, శబ్దం పట్టే పికప్ నుంచి వైరు తీసి ఆ పెట్టెకు తగిలిస్తే, గిటారు గొంతు వెన్న రాసినట్టు వచ్చేది. ఆ పెట్టె ఎప్పుడో కాలిపోయిందట. మార్కాపురంలో అట్లాంటి పెట్టె ఎవరి దగ్గర ఉంటుంది? మైకుసెట్టు బ్రహ్మాన్ని అడిగాను. వాడు తన హారనుకు తగిలించి, "ఇస్సాకన్నా, కనిగిరి దాకా ఇనపడుద్ది. ఇంకేంది నీకు గావాల్సింది?" అన్నాడు. నిజమే, వినపడుతుంది. రేకుల షెడ్డు మీద రాళ్లవాన పడ్డట్టు వినపడుతుంది. ఆ పూటకు నేను పలకలు కోసే కార్ఖానాలో ఉన్నానో పాట వాయిస్తున్నానో నాకే తెలియలేదు.

తర్వాత పలకలు ఎగుమతి చేసే బాలసుబ్రహ్మణ్యం శెట్టిగారి కాళ్లావేళ్లా పడ్డాను. ఆయన కొట్లో కొయ్యపెట్టెలో ఉండే పాత వాల్వు రేడియో ఉంది. దాని వెనక రికార్డు ప్లేయరుకు ఇచ్చిన బొక్కలున్నాయి. అందులో నా వైరు పెట్టి, వాల్వులు వేడెక్కేదాకా ఆగి, కీచుదనం తగ్గించే బిళ్ల పూర్తిగా తిప్పి, తీగలు మీటే పుల్ల పక్కన పెట్టి బొటనవేలితో మీటాను. అక్కా, సగం వచ్చింది. ఆ కొయ్యలో నుంచి దొర పెట్టె గొంతు లాంటిది వచ్చింది. కానీ మిగతా సగం రాదు. తీగల మీద చుట్టిన సన్న తీగ గరుకు, రాళ్లు పట్టి నా వేళ్లు అంతకంటే గరుకు. వేలు జరిపినప్పుడల్లా కీచుమంటుంది. శెట్టిగారు రాగం మధ్యలో లేచి, "వార్తల టైమైంది, నా రేడియో నాకియ్యప్పా" అన్నారు.

ఇంత వెర్రి ఎందుకని అడుగుతావు. నీ మరదలు దయామణికి కూడా చెప్పనిది నీకు చెబుతున్నాను. దగ్గు తగ్గక ఆసుపత్రికి పోతే, డాక్టరమ్మ ఎక్స్‌రే ఫోటో తీయించి చూసి, రాతిదుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుందని చెప్పింది. "ఈ పని వదిలేయి నాయనా. వదలకపోతే నేనిచ్చే మందు నీకు పనిచెయ్యదు" అన్నది. వదిలితే ఏం తినాలి? మా వీధిలో ఎవరికైనా పలక కొయ్యడం తప్ప ఇంకో పని తెలుసా? నాకు తెలిసిన రెండో పని ఈ గిటారు ఒక్కటే. కుడితిలో పడ్డ ఎలుకలా తిరుగుతున్నాను. శనివారం లోపల ఆ కీచు పోకపోతే నా ఆశ పోయినట్టే. నా కోసం ప్రార్థన చెయ్యి.

నీ తమ్ముడు,
ఇస్సాకు

*

మార్కాపురం,
గురువారం.

అక్కా,

వందనాలు. ప్రార్థన చేశావో లేదో తెలియదు గానీ, చేసి ఉంటే అది ఇంకెవరికో చేరింది.

ఇవాళ పని నుంచి వచ్చేసరికి దయామణి గుమ్మంలో కూర్చుని గిటారు ఒళ్లో పెట్టుకుని ఉంది. తీగల కింద గుడ్డ పరిచింది. చేతిలో నున్నరాయి. ఆమె పని నీకు తెలుసు గదా, మేం కోసిన పలకల గరుకు పోయేదాకా రుద్దడం. ఆఖరున మేస్త్రి వేలు పెట్టి చూస్తాడు, వేలు ఆగకుండా జారితేనే పలక పాసు. అదే రాయితో, రెండు చుక్కల కొబ్బరినూనె వేసి, నా తీగలన్నీ రుద్దేసింది. గుడ్డ నిండా మెరిసే పొడి.

"ఏంది నువ్వు చేసింది?" అన్నాను.

"వేలు జారట్లేదు, గరుగ్గా ఉండాయని నువ్వే అంటివి గదా. నున్నగా రుద్దినాను. చూడు, ఇప్పుడు వేలు ఎట్ల జారుద్దో."

మీటి చూశాను. ఎండిన తాటిమట్ట మీద కొట్టినట్టు దబ్బుమన్నది. మెరుపు లేదు, మోత లేదు. దొర ఇచ్చిన తీగల్లో చివరి సెట్టు అది. ఒంగోలుకు మనిషిని పంపినా దొరకదు. నేను అరవలేదక్కా. అరిస్తే బాగుండేది. "నా పీక పిసికినా ఇంత బాధ లేదు" అని మాత్రం అన్నాను. ఆమె ముఖం పలకలా నల్లబడిపోయింది. లోపలికి పోయి పొయ్యి ముట్టించి, పొగకు దగ్గుతూ కూర్చుంది. నేను ఆమె దగ్గరికి పోలేదు.

నిర్ణయం చేసుకున్నాను. శనివారం స్టేషనుకు పోయి, దిగకముందే దొరను అదే రైల్లో పంపించేస్తాను. గిటారు ఆయనకే తిరిగి ఇచ్చేస్తాను. ఆ తర్వాత కార్ఖానాకు పోతాను. ఊపిరి ఉన్నన్నాళ్లు కోస్తాను. నేను పోయాక దయామణిని నువ్వు చూసుకోవాలి. ఇది కోపంలో రాసింది కాదు, నీళ్లు తాగి, ఆలోచించి రాస్తున్నాను.

ఇస్సాకు

*

మార్కాపురం,
ఆదివారం.

నా ప్రాణమైన అక్కకు,

కిందటి ఉత్తరం చించెయ్యి. ఇది మాత్రం రెండుసార్లు చదువు, ఇందులో నీకు ఒక పని ఉంది.

దొర నా మాట వింటేగా. తీగలు పాడైపోయాయని చెప్పి గిటారు చేతికిస్తే నవ్వి, తన సామాను పెట్టె తీసుకుని రైలు దిగేశాడు. "రైలు పోనీ. పాడైపోయిందో లేదో నేను చెప్పాలి, నువ్వు గాదు" అన్నాడు. శెట్టిగారి కొట్టుకు పోయాం. దయామణి మా వెనకే దూరంగా నడిచి వచ్చి గుమ్మం బయట, గోడ పక్కన నిలబడింది. గురువారం నుంచి మా మధ్య మాటల్లేవు.

వైరు తగిలించాను. చచ్చిన తీగను మీటుతున్నాననుకుని మీటాను. అక్కా, ఎట్లా చెప్పను. రొట్టె విరిగి నేతిలో పడింది. ఉత్తగా వాయిస్తే దబ్బుమన్న ఆ తీగలే రేడియోలో నుంచి వచ్చేసరికి గుండ్రంగా, పాకం పట్టినట్టు వచ్చాయి. వేలు జరిపితే చప్పుడే లేదు. దొర కళ్లు మూసుకున్నాడు. శెట్టిగారు వార్తల మాట ఎత్తలేదు. పాట సగంలో దొర, "నున్న తీగలు ఎక్కడ కొన్నావురా? మద్రాసులో ఎంత వెతికినా నాకు దొరకలే" అన్నాడు. నా భార్య రుద్దిందని పాట అయ్యాక చెబుదామనుకున్నాను.

ఇంకా వాయిస్తూనే ఉన్నాను. ఆ శబ్దం ఎంత మెత్తనిదంటే దాని కింద బజారులో సైకిలు బెల్లు కూడా వినపడుతోంది. అప్పుడు గోడ అవతల దగ్గు వినపడింది. కొంగు అడ్డం పెట్టుకుని, నొక్కిపట్టి, ఆగి, మళ్లీ దగ్గిన దగ్గు. అచ్చం నా దగ్గు లాంటిదే. లోపలి నుంచి రాయి గీసుకుంటూ వచ్చే దగ్గు. ఇంట్లో దగ్గితే పొగ అనేది, నేను నమ్మాను. ఆ కొట్లో పొయ్యి లేదక్కా.

పాట ఆపి బయటికి పోయాను.

"ఎప్పటి నుంచి?" అన్నాను.

"నీకు ఎప్పటి నుంచో, నాకూ అప్పటి నుంచే" అన్నది.

"నాకుందని నీకెట్ల తెలుసు?"

"ఒకే దుమ్ములో కూసుంటిమి గదయ్యా. నీ దగ్గు నాకు తెల్వదా? నువ్వు భయపడతావని నేను చెప్పలా."

నా ఊపిరి ఒక్కటే లెక్క అనుకుని తిరిగాను, దుమ్ము నాకు ఒక్కడికే పడుతున్నట్టు. పలక కోసేవాడి కంటే రుద్దేదాని ముఖానికే ఎక్కువ దుమ్ము లేస్తుంది. ఇన్నేళ్లు పక్కనే కూర్చుని ఆ సంగతి నేను చూడలేదు. వీధిలో నిలబడి ఏడ్చాను, సిగ్గుపడలేదు.

దొర నన్ను తీసుకున్నాడు. బుధవారం బయలుదేరాలి. కానీ బ్యాండు వాళ్లందరికీ ఒకటే గది, ఆడమనిషికి చోటు లేదు. అట్లయితే నేనూ రానన్నాను. దయామణి ఒప్పుకోలేదు. "నువ్వు ఈడ కూసుంటే ఇద్దరం పోతాం. నువ్వు పోతే ఒక్కరైనా మిగుల్తారు" అన్నది. ఆ లెక్క నాకు నచ్చలేదు. ఇద్దరం మిగలాలి.

అందుకే ఈ ఉత్తరం. బుధవారం రైల్లో ఇద్దరం బయలుదేరుతున్నాం. గిద్దలూరులో ఇంజను నీళ్లు పట్టేదాకా రైలు ఆగుతుంది. నువ్వు స్టేషనుకు రా. దయామణిని నీ చేతుల్లో పెడతాను. హాస్టలు వంటింట్లో కూరగాయలు తరిగే పని చూడు, పొయ్యి దగ్గరికి మాత్రం పంపొద్దు. డాక్టరు దగ్గరికి నువ్వే తీసుకుపో, తను పోదు. గది దొరికిన రోజే వచ్చి తీసుకుపోతాను. అంతదాకా తనకు ఊపిరి నిలవాలి. నాకు ఇప్పుడు ఆ ఒక్క భయమే ఉంది.

నిన్న రాత్రి సామాను సర్దుతూ ఆమె ఆ నున్నరాయి గిటారు సంచిలో పెట్టింది. కొత్త తీగలు వేస్తే ఎవరు రుద్దుతారని అడిగింది. నేను రాయి తీసి తన సంచిలో పెట్టాను. తీగలు మార్చినప్పుడల్లా గిద్దలూరు రావాలి గదా. అప్పటికి రుద్దడానికి తను ఉండాలి.

స్టేషనుకు తప్పక రా అక్కా.

నీ తమ్ముడు,
ఇస్సాకు