రోస్లిన్ మాత్రల డబ్బీ

అమరావతక్కా,

నా బిడ్డను ప్రమాదంలోకి తోసింది నువ్వే. సెలవుల్లో పిల్లలతో వేళాంగణ్ణి మాత గుడికి నడిచి వెళ్తామంటే, దేవుణ్ణి నమ్మనివాణ్ణయినా సరేనన్నాను. మిల్లు నుంచి వచ్చి చూస్తే, రోస్లిన్ మూర్ఛ మాత్రల డబ్బీ మాత పటం ముందు ఉంది. “మాతకు ఒప్పజెప్పినాము, ఇంక మందేలమ్మా? మా తమ్ముడు అరుస్తాడు, చెప్పొద్దు” అన్నావట పక్కింటి సెల్లాయితో. మొక్కు నీది, ఒళ్ళు దానిది. ఇదేం న్యాయం? రెండు రోజులుగా దానికి మాత్ర లేదు. భయంతో మిల్లులో తెగిన దారం ముడి వేయలేకపోతున్నాను.

ఈ ఉత్తరంతో బస్సులో వస్తున్న మా మిల్లు యేసుదాస్ దగ్గర మాత్రలున్నాయి.

ఒకటి, వెంటనే ఒక మాత్ర మింగించు.
రెండు, ఇంక దాన్ని నడిపించొద్దు, మిగతా దారి బస్సులో తీసుకెళ్ళు.
మూడు, బిడ్డ ఎలా ఉందో యేసుదాస్ చేతికి రాసివ్వు.
నాలుగు, ఎలా ఉన్నా నిజమే రాయి.