మూడు చక్రాల మీద నిలిచింది

కరీం,

ఈ ఉదయం పది గంటలకు, ఎల్లారెడ్డిలో మీ ఇంట్లో, రెహానా వదిన కుట్టుమిషన్ బల్ల మీద నీ జెట్ విమానం మూడు చక్రాల మీద నిలబడింది.

నువ్వు దుబాయి నుంచి తెచ్చుకున్న బొమ్మ కిట్టే. తొలినాళ్ళ జెట్: ముందు తిరిగే పంకా లేదు, రెక్కకొక ఇంజన్. దాని ఒళ్ళు అతికించి, చక్రాలు పెట్టకముందే నువ్వు పోయావు. మొన్న వదినా నేనూ చక్రాలు బిగించి నిలబెడితే, అది ముక్కు పైకెత్తి తోక మీద కూర్చుంది. అతికించేముందు ముక్కులో బరువు పెట్టడం నువ్వు మరిచావు.

"మీ దోస్తు గిట్లనే భాయ్. తిన్నడంటే ఎనకకు వాలుడే," అంది వదిన.

అతుకు విప్పితే ప్లాస్టిక్ పగులుతుంది, ఇలాగే ఉంచుదామన్నాను.

"ఆయన చేత్తో చేసింది ఇదొక్కటే ఉన్నది. పడిపోయినట్టు ఎట్ల ఉంచుత? రోజూ జాకెట్ల కుట్లు విప్పుతున్న, ఇది విప్పనా?"

సన్న బ్లేడుతో నువ్వు అతికించిన గీత వెంటే కోసింది. ఎక్కడా పగల్లేదు. నిజాంసాగర్ జాలరి ఇచ్చిన, వలకు కట్టే సీసం గుండ్లు ముక్కులో పెట్టి మళ్ళీ అతికించింది. ఈ ఉదయం బల్ల మీద పెట్టి మెల్లగా చెయ్యి తీసింది. తోక దిగలేదు. గుప్పెడైనా లేని సీసం, మూరెడు విమానాన్ని పట్టి నిలిపింది.

రేపు జుమ్మా నమాజు అయ్యాక వెండిరంగు వేస్తుంది. తోక పట్టుకోవడానికి నన్ను కామారెడ్డి నుంచి మళ్ళీ రమ్మంది.